ఇరుసు రుచి చూసే మామ

మొన్న ఆదోనిలో క్షౌరం చేయించుకోవడానికి షాపులో కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఏ దేశంలోనో జరిగిన కార్ల పందెం చూపిస్తున్నారు. గెలిచినవాడు సీసా మూత తీసి నురగ చల్లుతున్నాడు. అంతలోనే మరో వార్త వచ్చింది. పందెం అయ్యాక ఆ కారును తూచి, కొలిచి, దాని కింద ఉండే ఏదో పలక ఉండాల్సిన దానికన్నా పలచబడిందని గెలుపు రద్దు చేశారట.

“గెలిచినంక తీసేస్తే అదేం న్యాయమప్పా? ముందే సూసుకోవద్దా?” అన్నాడు కుర్చీలో ఉన్నాయన, ముఖం నిండా సబ్బు నురగతో.

“ముందు సూస్తే ఏం తెలుస్తాది? ఉరికినంకనే గదా అరిగేది,” అన్నాడు కత్తి పట్టుకున్నాయన.

“అరిగితే కారు తప్పు. వాంది గాదు.”

“కారు ఎవరిది మల్ల? మీ మామదా?”

వాళ్లిద్దరూ అలా కొట్లాడుకుంటూ ఉంటే నాకు సాయిబు మామ గుర్తొచ్చాడు. ఆయనే ఉంటే ఇద్దరినీ చెయ్యెత్తి ఆపి, “ముందు రూల్లో ఏముండాదో సెప్పండప్పా. కొట్లాట తర్వాత పెట్టుకుందాం,” అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. మట్టికి పోయినాను గానీ చివర్న నిలబడ్డాను. ఆయన విషయంలో నేను ఎప్పుడూ చివర్నే నిలబడ్డాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయడం కూడా ఇంత ఆలస్యమైంది.

ఆయన పత్తి దలాలి. ఆదోని మార్కెట్టుకు వచ్చే రైతుకూ, కొనే మండీవాళ్లకూ మధ్య బేరం తెంపేవాడు. మా నాయనది మార్కెట్టులో మండీ. మా సరుకులో సగం ఆయన చేతుల మీదుగానే కదిలేది. ముస్లిం అయినా ఊరందరికీ వరసలు కలిపి పెట్టుకున్నాడు. మా నాయనను బావా అనేవాడు, నన్ను అల్లుడా అనేవాడు. నేను మామా అనేవాణ్ణి. మనిషి పొట్టి. ఇస్త్రీ చొక్కా, చెవి మడతలో అత్తరు దూది, కిర్రుకిర్రుమనే పంపుషూలు. పత్తి బండ్ల మధ్యకు వచ్చేటప్పుడు మాత్రం షూలు విప్పి చేత్తో పట్టుకునేవాడు. “పేడ తొక్కినా కాళ్లు కడుక్కోవచ్చు, షూలు కడిగితే సచ్చిపోతాయి,” అనేవాడు. ఆయన భుజాన ఎప్పుడూ రెండు తువ్వాళ్లు ఉండేవి. ఒకటి ముఖం తుడుచుకోవడానికి, రెండోది పనిముట్టు.

మా దిక్కు పత్తి బేరాలు నోటితో జరిగేవి కావు. దలాలి రైతు చెయ్యి పట్టుకుని మీద తువ్వాలు కప్పేవాడు. లోపల వేళ్లతో ధర. ఒక వేలు పట్టుకుంటే ఒక అర్థం, రెండు కలిపి నొక్కితే ఇంకొకటి. చుట్టూ ఎంతమంది నిలబడినా ధర ఆ ఇద్దరికే తెలిసేది. ఆయన గొప్పతనమేమంటే, తువ్వాలు కింద బేరం ఎంత ముదిరినా పైన నోరు వేరే మాట్లాడుతూ ఉండేది. “మీ అమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా?” అని అడిగేవాడు. “ఈ తూరి మీ దిక్కు వాన ఎట్లుండాది?” అనేవాడు. రైతు వానను గురించి చెప్తూ ఉండగానే లోపల ధర తెగిపోయేది. తెగిన మరుక్షణం తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని, సగంలో ఆగిన వాన కథను పూర్తిగా వినేవాడు. విన్నట్టు నటించేవాడు కాదు, నిజంగానే వినేవాడు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఎమ్మిగనూరు జాతర సమయంలో మార్కెట్టు బండ్లవాళ్లకు ఒక పందెం జరిగేది. ఎమ్మిగనూరు పొలిమేరలో బండ్లు నిలబెట్టి, ఆదోని దారిలో వంక దాకా పోయి తిరిగి రావాలి. గెలిచిన బండికి ఆ పత్తి కాలమంతా ఆదోని మార్కెట్టులో ముందు వరస. అంటే ఎప్పుడొచ్చినా ఆ బండినే మొదట కాటా దగ్గరకు విడుస్తారు. దాని విలువ బండి తోలేవాళ్లకే తెలుసు. పత్తి దిగే రోజుల్లో బండ్ల వరస మార్కెట్టు గేటు దాటి రైల్వే స్టేషను దాకా పోయేది. వచ్చినవాడు రాత్రంతా, ఒక్కోసారి మరుసటి రాత్రి కూడా వరసలోనే ఉండాలి. బండి మీద మనిషి లేకపోతే వరస పోయినట్టే. అది మార్కెట్టు కట్టుబాటు.

ఆ పందానికి బండ్లను పరీక్ష చేసేది ఆయనే. ఎవరు నియమించారో నాకు తెలీదు. ఆయన కన్నా ఎక్కువగా ఎవరూ కొట్లాటను ఇష్టపడరు కాబట్టి ఆయనకే వదిలేసి ఉంటారు. పందెం పొద్దున ఒక బండి ఎక్కి నిలబడి, వేలం పాడినట్టు రూళ్లు పాడేవాడు.

“చక్రం కొయ్యదే! నడిమి దిమ్మె కొయ్యదే! పట్టా ఇనుపదే! ఇరుసు ఇనుపదే! సందులో ఆముదమే! చేతిలో చెర్నాకోలే, ముల్లుగర్ర గాదు! ఇన్యారా?”

“ఇన్యామన్నా!” అని బండ్లవాళ్లంతా అరిచేవాళ్లు.

తర్వాత బండ్లను ఒక్కొక్కటే చూసేవాడు. ముందుకు చాచిన నొగ మీద గుద్ది చూసేవాడు. ఇరుసు కింద మొద్దు పెట్టి చక్రాన్ని నేల నుంచి లేపించి, చేత్తో ఒక తోపు తోసి, అది ఎట్లా ఆగుతుందో చూసేవాడు. చివరికి ఇరుసు కొసన వేలు పెట్టి, ఆ నల్లటి జిడ్డును నాలుక మీద రాసుకునేవాడు. లారీ షెడ్లు కొత్తగా వచ్చిన కాలం. ఆముదంలో మోటారు గ్రీజు కలిపేవాళ్లు తయారయ్యారు. కళ్లకు తేడా తెలిసేది కాదు. ఆయన నాలుకకు తెలిసేది. గ్రీజు తగిలితే ముఖం పిల్లి కషాయం తాగినట్టు అయ్యేది. ఉమ్మేసి, అత్తరు దూది మూతి దగ్గర పెట్టుకుని, “తుడిచేసి రాప్పా. మా ఇంట్లో ఆమె ఈ నోటితో నన్ను లోపలికి రానీదు,” అనేవాడు.

బండి వరకే ఆయన పని. ఒకసారి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చి, “అన్నా, ఆ చింతకుంటోడు ఎద్దులకు కల్లు తాపినాడు!” అన్నాడు.

“నేను బండిని సూసేవాణ్ణి. ఎద్దు ఏం తాగిందో ఎద్దునే అడుగు.”

“అది సెప్తాదా?”

“తాగింటే సెప్తాది,” అన్నాడు, చక్రం నుంచి తల తిప్పకుండానే.

తప్పు దొరికిన బండిని ఉత్తపుణ్యానికి తీసేసేవాడు కాదు. అది ఆయన పద్ధతి. తకరారు పెట్టినవాణ్ణీ, బండివాణ్ణీ పిలిచి, ఇద్దరి చేతులు కలిపి తువ్వాలు కప్పేవాడు. “ఇంగ నోర్లు మూసుకోండి. ఎంత ఎనక నిలబెట్టల్లనో చేతుల్తో తెంపుకోండి,” అనేవాడు. ఆ బండి మిగతావాటి కన్నా ఎన్ని బారలు వెనక నుంచి బయలుదేరాలో బేరం. తువ్వాలు కింద చెయ్యి ఉన్నంతసేపూ అరవకూడదు. అరుచుకున్నవాళ్లు కూడా వేళ్లు నొక్కుకుంటూ, మింగుకుంటూ, చివరికి ఎక్కడో ఒకచోట తెగేవాళ్లు. ఒకరి చెయ్యి ఒకరు ముట్టుకోని కులాల వాళ్లయితే ఆయన మధ్యలో నిలబడేవాడు. ఎడమ చేతి మీద ఒక తువ్వాలు, కుడి చేతి మీద ఒక తువ్వాలు. ఆ వేలు చెప్పినది ఈ వేలితో చెప్పేవాడు. రెండో తువ్వాలు అందుకే ఉండేదని నేను ఆలోచించలేదు. ఆ కాలంలో అది మాకు వింతగా కనపడలేదు.

వరసగా గెలుస్తూ వచ్చినవాడు ఏసోబు. ఆస్పరి పక్క పల్లె. అక్కడి చర్చి వెనకాల ఇల్లు. కూలి పని చేసి చేసి ఒక జత ఎద్దులను కూర్చుకున్నాడు. మాట తక్కువ. సాయిబు మామకూ ఆయనకూ ఎట్లా పొత్తు కుదిరిందో చూసేవాళ్లకు అర్థమయ్యేది కాదు. ఈయన వంద మాటలాడితే ఆయన ‘ఊ’ అనేవాడు. కాటా అయ్యాక ఇద్దరూ ఒకే బీడీ కట్ట విప్పుకుని బండి నీడలో కూర్చునేవాళ్లు. ఏసోబు ఒక మాట మాట్లాడిన రోజు ఈయన మా మండీకి వచ్చి, “ఈ పొద్దు మా ఏసోబు ఏమన్నాడో తెలుసా అల్లుడా?” అని ఆ మాటను పదిమందికి చెప్పేవాడు. అది సాధారణంగా ఎద్దుల గురించే అయి ఉండేది.

ఏసోబుకు ముందు వరస ఎందుకు కావాలో మార్కెట్టులో అందరికీ తెలుసు. ఆయన భార్యకు కళ్లు ఆనవు. పిల్లల్లేరు. ఒకసారి ఆయన రాత్రి వరసలో ఇరుక్కుపోయినప్పుడు ఆమె పొయ్యి దగ్గర తడుముకుంటూ చెయ్యి కాల్చుకుంది. ముందు వరస ఉంటే పొద్దున వచ్చి సరుకు దించి, చీకటి పడకముందే బండి తోలుకుని ఇంటికి చేరతాడు. లేకపోతే ఆ రాత్రి ఆమె ఒక్కతే.

నాకు ముందు వరసతో ఏ అవసరమూ లేదు. మా బండ్లు నిలబడితే మా జీతగాళ్లు నిలబడతారు. నాకు గెలవాలని ఉండేది, అంతే. ఒకటికి రెండుసార్లు ఏసోబు వెనకాల దుమ్ము తింటూ వచ్చాను. జాతరలో నా ఈడు వాళ్లు, “శెట్టి ఎద్దులు లెక్కలు బాగా సేస్తాయి, ఉరికేకి రాదు,” అని నవ్వారు. ఆ నవ్వు నాకు నిద్ర పట్టనీయలేదు. మరుసటి ఏడు లారీ షెడ్డు మేస్త్రీని పట్టుకుని చక్రాల దిమ్మెలు తొలిపించి లోపల లారీ బేరింగులు పెట్టించాను. పైకి అంతా కొయ్యే. సందులో గ్రీజు పెట్టకుండా ఆముదమే పోయించాను. రూళ్లు ఆయన నోట విని విని నాకు కంఠతా వచ్చు. దొరకకూడదని కాదు, దొరికినా తప్పు కాకూడదని చేయించాను. ఇది నా తెలివి అనుకున్నాను.

పందెం పొద్దున ఆయన నా బండి చక్రాన్ని మొద్దు మీదికి లేపించి ఒక తోపు తోశాడు. కిర్రుమనలేదు. ఆగలేదు. ఆయన చేతులు నడుం మీద పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. చుట్టూ జనం మూగారు. ఆకు చువ్వలు కలిసిపోయి చక్రం ఒక పళ్లెంలాగా కనిపిస్తోంది. ఆయన ముఖంలో పట్టుకున్నాననే సంతోషం లేదు. తిరనాళ్లలో రంగులరాట్నం చూసినవాడి ముఖం.

“అబ్బబ్బ! ఏం తిరుగుతాందప్పా ఇది! గానుగెద్దుకు సూపిస్తే ఏడుస్తాది,” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “లోపల ఏం పెట్టినావల్లుడా?” అన్నాడు.

“లారీ బేరింగులు మామా. పెట్టకూడదని రూల్లో లేదు గదా?”

జనం ఒక్కసారిగా లేచారు. “తీసేయండి బండిని!” “ఇంగ ఇంజను గూడా పెట్టుకోమను!” “శెట్టికొక రూలు, మాకొక రూలా?”

ఏసోబు ముందుకొచ్చాడు. “తీసేయొద్దు సాయిబన్నా. జాతరకు తెచ్చుకున్యాడు, ఉరకనీ. ఎంత ఎనక నిలబెట్టల్లనో మాట్లాడుకుంటాం.”

అది న్యాయమైన మాట. మామ అలవాటు ప్రకారం రెండు తువ్వాళ్లూ భుజం నుంచి తీశాడు. ఏసోబు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఒకటి సాలన్నా. నీ చెయ్యి నడుమ ఎందుకు? తకరారు నాదీ చిన్నశెట్టిదీ. మేమిద్దరం నేరుగా తెంపుకుంటాం.”

ఏసోబు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పగ్గాలు కోసి కోసి అరచేతిలో గాడి పడింది. నేను నా చేతిని వెనక్కి పెట్టుకున్నాను.

“మామా, ఎప్పుడూ ఎట్ల జరుగుతాదో అట్లే జరగనీ,” అన్నాను.

“ఇట్లనే పెట్టల్లని రూలేం లేదల్లుడా,” అన్నాడు ఆయన మెల్లగా. అది తీర్పు కాదు, బతిమాలడం. నాకు అర్థమైంది. అయినా నేను చెయ్యి తీయలేదు. మా నాయన ఊరుకోడు అని మనసులో అనుకున్నాను. మా నాయన ఆ రోజు జాతరకు రానే లేదు.

“అయితే నాక్కూడా మాట్లాడేది లే,” అన్నాడు ఏసోబు, చెయ్యి దించి.

మామ రెండు తువ్వాళ్లనూ మడిచి భుజాన వేసుకున్నాడు. నా బండి దగ్గరికి వచ్చి ఇరుసు కొసన వేలు పెట్టి నాలుకకు రాసుకున్నాడు. బండి ఎక్కాడు. ఆ పూట గొంతులో వేలం లేదు.

“బేరం తెగలేదు. ఇంగ రూలొక్కటే మిగిలింది. దిమ్మె కొయ్యదే. ఇరుసు ఇనుపదే. సందులో ఆముదమే. దిమ్మె లోపల ఏం పెట్టకూడదని మనం యాడా సెప్పలే. ఇట్లాంటిది ఒకటుంటాదని తెలీక సెప్పలే. తెలీంది మన తప్పు. ఈ బండి బరాబరే.”

“మండీ ఉప్పు తిన్యావు గదా, అంతే సెప్తావు!” అని ఎవరో అరిచారు. ఆయన ఆ దిక్కు కూడా చూడలేదు. ఏసోబు వైపే చూస్తున్నాడు.

“నువ్వేనా సాయిబన్నా ఈ మాట సెప్పేది?” అన్నాడు ఏసోబు. అంతే. వెళ్లి తన ఎద్దుల మెడ మీద కాడి పెట్టుకున్నాడు.

నేను గెలిచాను. సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. మెడలో దండ వేయించుకున్నాను. ఎద్దుల కొమ్ములకు గుడ్డలు చుట్టించి ఊరేగాను. సాయిబు మామ ఆ ఊరేగింపులో లేడని నాకు ఆదోని చేరాకే తట్టింది.

పత్తి దిగడం మొదలైంది. ఒక సాయంత్రం మా బండి దర్జాగా వరస పక్కనుంచి పోయి ముందు నిలబడింది. నేను సైకిల్ మీద ఆ వరస వెంట వస్తుంటే, స్టేషను దగ్గర ఒక బండి కర్రకు తగిలించిన పంపుషూలు కనిపించాయి. తలెత్తి చూస్తే ఆయన. ఏసోబు బండి మీద, పత్తి నింపిన గోనె బోరేల పైన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కాకు దూది అంటుకుని కోడిపిల్లలాగా ఉన్నాడు.

తర్వాత రోజూ చూశాను. గుంతకల్లు రైలు వచ్చే వేళకు ఆయన మార్కెట్టు పని ముగించుకుని వచ్చేవాడు. ఏసోబు ఎద్దులకు మేత వేసి, బండి దిగి, మాట పలుకు లేకుండా స్టేషనులోకి పోయేవాడు. ఆస్పరిలో దిగితే ఇల్లు దగ్గరే. ఈయన బండి ఎక్కేవాడు. బండి మీద మనిషి ఉంటే వరస పోదు. తెల్లారి మొదటి రైలుకు ఏసోబు వచ్చేవాడు. ఈయన దిగేవాడు. రెండు పూటలా ఒక్క మాట ఉండేది కాదు. ఏసోబు కోపం కోపంగానే ఉంది. ఈయన దాన్ని తగ్గించే ప్రయత్నం కూడా చేయలేదు. బీడీ కట్ట మాత్రం బండి నొగ మీద పెట్టి పోయేవాడు. ఏసోబు దాన్ని ముట్టుకునేవాడు కాదు.

ఒకరోజు ఆగి అడిగాను. “ఏంది మామా ఇది?”

“కనపడలేదా? కూర్చున్యా.”

“మా ముందు వరస ఏసోబుకు ఇచ్చేస్తాలే. నువ్వే సెప్పు ఆయనకు.”

“అది ఇచ్చేకి రాదు. గెలిచిన బండిదే ముందు వరస. మార్చుకునేది రూల్లో లేదు.”

నాకు ఒళ్లు మండింది. “నీ తీర్పు తప్పని నీకే అనిపిస్తే, ఆ పొద్దే నా బండిని తీసేయాల్సింది!”

“తీర్పు బరాబరే అల్లుడా. రేపు అడిగినా అదే సెప్తా. అయితే ఆయమ్మ ఆడ సీకట్లో ఒక్కతే ఉంటాదనేది గూడా నిజమే గదా. రెండూ నిజమైతే ఏం సేస్తాం? ఒకటి ఆడ సెప్పినా, ఇంకొకటి ఈడ సేస్తాండా.”

“పోనీ, మా జీతగాణ్ణి పంపిస్తా. వాడు కూర్చుంటాడు.”

“వాడు నువ్వు సెప్పినావని కూర్చుంటాడు. అదెందుకు? బండి మీద మనిషి ఉండల్లనేది రూలు. ఏ మనిషని లేదు. నువ్వు గూడా మనిషివే గదా. ఎక్కు.”

ఎక్కాను. ఆయన జరిగి చోటిచ్చాడు. ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ డబ్బా విప్పి, అందులో సగం పక్కన గిన్నెలో తీసి మూత పెట్టాడు. తెల్లారి ఏసోబుకట. ఆయన తింటాడా అని అడిగాను. “తింటాడు. గిన్నె కడిగి పెడతాడు. మాట్లాడడు,” అన్నాడు. తర్వాత ఒక గుడ్డ మూట విప్పి జొన్నరొట్టె, ఊరిమిండి పచ్చడి నా ముందు పెట్టాడు. ఏసోబు భార్య తడుముకుంటూ కాల్చి, రైల్లో పంపిస్తోందట. “ఆయమ్మకు నా మీద తకరారు లేదు,” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లవాడిలా వెలిగింది.

నేను ఆ రొట్టె తుంచి చేత్తో పట్టుకున్నాను. అప్పుడే మా మండీ గుమాస్తా ఆ దారిన పోతూ తలెత్తి చూశాడు. నేను రొట్టెను బోరేల సందులో పెట్టేసి, పని గుర్తొచ్చిందని దిగాను.

“పోయి రా అల్లుడా,” అన్నాడు ఆయన. ఎగతాళి లేదు. “పత్తి మెత్తగుండాదని అందరికీ కూర్చునేకి రాదు.”

ఆ కాలమంతా ఆయన చాలా పోగొట్టుకున్నాడు. మండీకి భయపడి తీర్పు చెప్పాడనే మాట పల్లెలకు పాకింది. కొందరు రైతులు ఆయన తువ్వాలు కిందికి చెయ్యి పెట్టడం మానేశారు. నేను ఒక్కసారి మార్కెట్టులో నిలబడి, ‘భయపడి కాదు, నేను చెయ్యి పెట్టనందుకు అట్లా చెప్పాల్సి వచ్చింది’ అని ఉంటే సరిపోయేది. ఆ మాట రోజూ నోటి దాకా వచ్చేది. రోజూ మింగాను.

మరుసటి ఏడు జాతర వచ్చింది. ఆశ అంటే అది, నేను ఆ ఏడు రెండు బండ్లకు బేరింగులు పెట్టించాను. ముందు వరసా నాదే, రెండో స్థానమూ నాదే కావాలని. ఆయన బండి ఎక్కి రూళ్లు పాడాడు. అన్నీ పాడి, చివర కొత్తది ఎత్తుకున్నాడు.

“దిమ్మె లోపల లారీ సామాను పెట్ట...”

“సాయిబన్నా, నాదొక తకరారు.”

ఏసోబు గొంతు. ఏడాది తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట. సాయిబు మామ పాడుతున్న రూలును సగంలోనే వదిలేశాడు. “సెప్పప్పా,” అన్నాడు.

“పోయిన తూరి సూసినా. ఆ చిన్నశెట్టి ఎద్దులు మెడ వంచకుండా వచ్చినాయి. నావాటి మెడలు కాయ కాసినాయి. ఎద్దుకు సులువైతాంటే వద్దంటావేంది? పెట్టుకునేవాళ్లను పెట్టుకోనీ. నాకు గూడా ఒక జత కావల్ల.”

జనం గొల్లుమన్నారు. “ఏడాది అలిగి ఇదా నువ్వడిగేది!” అని ఎవరో అన్నారు. మామ నవ్వలేదు. నావైపు చూశాడు. “అల్లుడా, నీతాన రెండో జత ఉండాదని ఇన్యా.”

వెంటనే ఇచ్చానని రాసుకోవాలని ఉంది. అట్లా జరగలేదు. నేల చూస్తూ నిలబడ్డాను. రెండో స్థానం పోతుందని లెక్క వేశాను. ఏసోబు గెలిస్తే మొదటిది కూడా పోతుంది. ఆయన తొందరపెట్టలేదు. పందెం ఆలస్యమవుతోందని జనం గోల పెడుతున్నా చెయ్యెత్తి ఆపి, నాకోసం కాచుకున్నాడు. ఆయన ఎవరికోసమైనా అట్లా కాచుకోగలడు. చివరికి నేను మా రెండో బండి దగ్గరికి పోయి ఇరుసును పట్టే సీలలు పీకాను. ఇరుసుతో సహా చక్రాలను ఒక కొసన నేను, ఇంకో కొసన ఏసోబు పట్టుకుని మోశాం. బరువుకు ఇద్దరం మూలిగాం. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

ఆ ఏడు ఏసోబు నన్ను నా చక్రాలతోనే ఓడించాడు. ఆయనా సాయిబు మామా మాత్రం పందెం ముగిశాక ఆ గెలుపు సంగతే పట్టించుకోలేదు. పొలిమేరలో చెట్టు కింద కూర్చుని పోయినేటి తీర్పు మీద కొట్లాడుకుంటున్నారు. “రూల్లో లేకుంటే నీ నోట్లో గూడా లేదా?” అని ఏసోబు. “నా నోరు రూలు గాదు గదప్పా!” అని ఈయన. ఏడాదికి సరిపడా మాటలు ఆ ఒక్క పూటలో అయ్యాయి.

ఇక ఏసోబు మళ్లీ పొద్దున వచ్చి పొద్దు వాలకముందే ఇంటికి పోసాగాడు. పత్తి దిగడం మొదలైన కొత్తలో ఒక సాయంత్రం నేను స్టేషను దారిన వస్తున్నాను. బండ్ల వరస పక్కన సాయిబు మామ నిలబడి ఉన్నాడు. షూలు చేతిలో ఉన్నాయి. గుంతకల్లు రైలు వేళకు కాళ్లు అలవాటుగా ఈడ్చుకొచ్చినట్టున్నాయి. ఇప్పుడు ఆయన కూర్చోవాల్సిన బండి అక్కడ లేదు. ఏం చేయాలో తెలియక కొంచెంసేపు అట్లే నిలబడ్డాడు. నేను పిలవబోయాను.

అంతలో ఆయన వరస చివర ఉన్న ముసలి బండివాణ్ణి అడిగాడు.

“నీది యా ఊరప్పా?”

“ఎమ్మిగనూరు పక్కన సాయిబూ.”

“ఇంటికాడ ఎవరుండారు?”

“కోడలు. నెలలు నిండినాయి.”

“బస్సుండాదా ఇప్పుడు?”

“ఉండాది. బండి ఇడిసిపెట్టి యాడ పోయేది?”

ఆయన షూలను ఆ బండి కర్రకు తగిలించి, నొగ మీద కాలు పెట్టాడు. “పో మల్ల. తెల్లారేకి రా,” అన్నాడు.